ఎనిమిది పోర్టుల పెట్టె

“మీ ఇంట్లోవాళ్ళే ఒప్పుకున్నారు మేడం. కావాలంటే వినండి,” అంది ఫోనులోని అమ్మాయి.

కాస్త గరగర. ఆ వెనుక యంత్రపు గొంతు తేటగా, ఏ తొందరా లేకుండా పలికింది: “మీ ఇంటర్నెట్ సమస్య పరిష్కారమైందా? అయితే అవును అని, కాకపోతే లేదు అని చెప్పండి.”

ఆ పైన ఒక మగగొంతు నిండుగా, మనస్ఫూర్తిగా అంగీకరించినట్టే పలికింది: “ఆ.”

“విన్నారుగా మేడం. అందుకే మీ ఫిర్యాదు మూసేశాం.”

ఇన్స్పెక్టరమ్మ స్పీకరులో పెట్టిన ఫోనును బల్లమీద దించింది. ముప్పయ్యొక్క సంవత్సరాలు తూనికలు కొలతల శాఖలో పనిచేసి, కాటా పళ్ళెం అడుగున అంటించిన మైనపు ముద్దను వేలికొనతో పట్టుకున్న మనిషి ఆమె. ఎంతటి వర్తకుడు ఎన్ని సాకులు చెప్పినా ఆమె దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకంటే ఆ “ఆ” అన్నది ఆమె సొంత తమ్ముడు.

అయిదు నెలల క్రితం అతనికి మెదడులో రక్తనాళం పూడుకుపోయింది. కుడికాలు, కుడిచెయ్యి సగం పోయాయి. మాట మొత్తం పోయింది. మిగిలింది ఆ ఒక్క అక్షరమే. ఆకలేసినా ఆ, వెయ్యకపోయినా ఆ. కిటికీ తెరవనా అంటే ఆ, మూయనా అంటే ఆ. లోపల కాదని గింజుకుంటున్నా బయటికి వచ్చేది ఆ. ఆమె స్నానానికి వెళ్ళిన పది నిమిషాలలో ఫోను మోగింది. ఇంటికి ఉపకారం చేద్దామన్న ఉబలాటంతో అతను ఎడమచేత్తో అందుకున్నాడు. అడిగిందానికి జవాబిచ్చాడు. అంతే. కంపెనీవారి పుస్తకంలో ఇంటర్నెట్ తెచ్చే గాజుతీగ బతికి కూర్చుంది. గోడమీది మోడెంలో మాత్రం ఎర్రదీపం కొట్టుకుంటూనే ఉంది.

“నా తమ్ముడికి ఆ తప్ప ఇంకో మాట రాదు తల్లీ,” అంది ఆమె చివరికి. “ఇల్లు తగలబడిందా అని అడుగు, ఆ అంటాడు. ఆర్పెయ్యాలా అని అడుగు, దానికీ ఆ అంటాడు. దాన్ని సాక్ష్యమంటారా మీరు?”

“సిస్టమ్‌లో అవును అని పడింది మేడం. నేనేం చెయ్యలేను.”

“సిస్టమ్‌కి చెవులున్నాయి, బుద్ధి లేదు. నీకు రెండూ ఉన్నాయి కదమ్మా!”

అవతల ఫోను పెట్టేశారు. వెనక్కి తిరిగి చూస్తే తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తన గొంతు తానే విన్నాడు. కూరగాయల మార్కెట్లో ఇరవయ్యేళ్ళు వేలం వేసినవాడు. తెల్లవారకముందే నాలుగు వందలమంది మధ్య బండెడు టమాటాలను మూడు కేకలతో అమ్మిన కంఠం. తక్కువ పాటగాణ్ణి చూసి “లేదు!” అని అతను గద్దిస్తే, వెనకవరుసలో నిద్రపోతున్నవాడు కూడా ఉలిక్కిపడి అయిదు రూపాయలు పెంచేవాడట. ఆ మనిషి ఇప్పుడు గోడకేసి తిరిగి ముఖం దాచుకున్నాడు.

“నువ్వేం చేశావురా? నీ తప్పేం లేదు,” అంది అక్క. ఆ మాట కసురుతున్నట్టుగానే వచ్చింది. ఆమెకు కోపంలో ఊరడించడం తప్ప వేరే విధంగా ఊరడించడం చేతకాదు.

గాజుతీగ ఆ వీధికి వచ్చి ఏడాది కావస్తోంది. మొదట గొయ్యి తవ్వారు, తరువాత గోడల వెంట నల్లటి గొట్టం పాకించారు, ఆ పైన ప్రతి భవనం మెట్లదారిలోనూ తెల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి బిగించారు. వెంట్రుకంత సన్నని గాజులోనుంచి వెలుగు పరుగెత్తి వస్తుందనీ, ప్రపంచమంతా ఇంటి గోడకు చేరుతుందనీ కరపత్రాలు పంచారు. పాత రాగితీగను, దానితోపాటు పాత ఫోనునూ పీకి చుట్టలు చుట్టి తీసుకుపోయారు. చుట్టూ ఎత్తైన భవనాలు లేచాక ఈ ఇంట్లో సెల్‌ఫోను సిగ్నలు మాట్లాడటానికే తప్ప బొమ్మకు చాలదు. కనుక గాజుతీగ పోతే ఇక అన్నీ పోయినట్టే.

ఇన్స్పెక్టరమ్మకు ప్రపంచమంతా అవసరం లేదు. ఉదయం పది గంటలకు ఒక ముప్పావుగంట చాలు. ఆ వేళకు పెద్దాసుపత్రిలోని మాటల డాక్టరమ్మ తెరమీద కనిపిస్తుంది. ఒక్కొక్క శబ్దానికీ నాలుక ఎక్కడ ఆనాలో, పెదవి ఎలా విప్పాలో చూపిస్తుంది. అది సెల్‌ఫోనులో జరిగే పని కాదు. పెదవి ముందు కదిలి ధ్వని ఆ తరువాత వస్తే, తమ్ముడి మనసు ఆ సందులో పడి తప్పిపోతుంది. గాజుతీగమీద అయితే పెదవీ ధ్వనీ కలిసే వస్తాయి. ఆరోగ్యం పాడైన మొదటి ఆర్నెల్లలో వచ్చిన మాటే నిలుస్తుందనీ, ఆ తరువాత వచ్చేది తక్కువనీ డాక్టరమ్మ మొదటిరోజే దాచకుండా చెప్పింది. ఆసుపత్రి నియమం కూడా చెప్పింది. పది నిమిషాలు చూస్తారు, రాకపోతే ఆ పాఠం పోయినట్టు. అలా మూడు పాఠాలు పోతే ఆ వేళ జాబితాలోని తరువాతి రోగికి వెళ్ళిపోతుంది. జాబితాలో నలభై ముగ్గురున్నారు.

రెండు పాఠాలు అప్పటికే పోయాయి. మొన్నటి వారం ఒకటి, ఈ వారం ఈ ఫోను గొడవ నాడు ఒకటి. రెండుసార్లూ తెల్లవారేసరికి ఎర్రదీపం. రెండుసార్లూ ఆమె ఫోనులో గొంతు చించుకున్న మర్నాడు ఎవరూ ఇంట్లోకి రాకుండానే, ఏమీ బాగుచెయ్యకుండానే పచ్చదీపం. తీగ ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు. ఎలా వచ్చిందో అంతకన్నా చెప్పలేదు. కారణం చెప్పేదాకా మూయవద్దని ఆమె మళ్ళీ ఇంకో ఫిర్యాదు రాయించింది. కారణం లేకుండా మొగ్గి, కారణం లేకుండా సరిపడే కాటాను ఆమె తన ఉద్యోగకాలంలో ఎన్నడూ చూడలేదు. అలాంటి కాటా వెనుక తప్పకుండా ఒక చెయ్యి ఉంటుంది.

ఆ చెయ్యి శుక్రవారం ఉదయం దొరికింది.

తొమ్మిదీ ఇరవైకి ఆమె తమ్ముడికి చొక్కా గుండీలు పెడుతోంది. పాఠానికి ఉతికిన చొక్కా వేసుకోవాలన్నది అతని పట్టుదల. కాలరు సర్దుతూ యథాలాపంగా మోడెం వైపు చూసింది. పచ్చదీపం ఆరి, ఎర్రది మొదలైంది. ఆమె గుండీ వదిలేసి తలుపు తీసింది. మెట్లమీద, రెండో అంతస్తు మలుపు దగ్గర, పెట్టె మూత తెరిచి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నెరుస్తున్న మీసం, నడుముకు పనిముట్ల సంచి, వీపున కంపెనీ పేరు. అతని చేతిలో పచ్చటి తలగల సన్నని తీగ వేలాడుతోంది.

“అది ఎవరిది?”

అతను ఉలిక్కిపడ్డాడు. “ఏదమ్మా?”

“నీ చేతిలో ఉన్నది.”

“ఇదా… ఇది… చెక్ చేస్తున్నానమ్మా. రెండే నిమిషాలు.”

ఆమె ఆ తీగను వేళ్ళ మధ్య పట్టుకుంది. పెట్టెలోనుంచి గోడవెంట, తన గుమ్మం పైనుంచి, తన ఇంట్లోకి దాన్ని చూపుతో వెంబడించింది. “నా మోడెంలో ఎర్రదీపం వెలిగి నిమిషం కాలేదు. నీ చేతిలో నా తీగ ఉంది. దొంగను ఇంట్లో పట్టుకుంటే గాలి పీల్చుకోవడానికి వచ్చానన్నాడట, అట్లా ఉందయ్యా నీ వరస. నిజం చెప్పు.”

టెక్నీషియను పైకి చూశాడు, కిందికి చూశాడు. పారిపోవడానికి రెండు వైపులా మెట్లున్నాయి కాని, ఆమె చూపు అతణ్ణి గోడకు మేకులా కొట్టేసింది.

“పై అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళకు ఇవాళ కనెక్షన్ ఇవ్వాలమ్మా. పెట్టెలో తీగలు గుచ్చే పోర్టులు ఎనిమిదే. అన్నీ నిండిపోయాయి.”

“నిండితే?”

“ఒకటి తీసి…”

“ఊఁ?”

“వాళ్ళకి పెడతాం. తీసేసినవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. అది మరమ్మతు కాంట్రాక్టు. వాళ్ళు వేరే, మేం వేరే. మాకు కొత్త కనెక్షన్ల లెక్కే అడుగుతారమ్మా.”

అతను చెప్పిన తీరులో సిగ్గు తక్కువ, అలసట ఎక్కువ. ఇన్స్పెక్టరమ్మకు చెవుల వెనుక నరాలు వేడెక్కాయి. మైనపు ముద్ద అంటించినవాడు కూడా పట్టుబడితే కాళ్ళమీద పడేవాడు. వీడు పద్ధతి వివరిస్తున్నాడు!

“ఎనిమిదిమందిలో నాదే ఎందుకు?”

“మీది తేలిగ్గా వస్తుందమ్మా,” అన్నాడతను అమాయకంగా. “ఇప్పటికి చాలాసార్లు తీశాం కదా, వదులైపోయింది.”

పైనుంచి పిట్టగోడమీదుగా ఒక తల తొంగిచూసింది. కొత్తగా దిగిన ఇంటి కోడలు. “ఏమైందండీ?” అంది.

“మీకు వెలుగు రావడానికి నా ఇంట్లో దీపం ఆర్పాడమ్మా. అంతే,” అంది ఇన్స్పెక్టరమ్మ.

“అయ్యో! మాకు అంత తొందరేం లేదండీ. పోర్టు లేదని మాకెవరూ చెప్పలేదు. రేపటికల్లా ఇస్తామని వాళ్ళే వెంటపడ్డారు.”

“విన్నావా?” ఆమె టెక్నీషియను వైపు తిరిగింది. “నాది నాకు పెట్టు. పది గంటలకు నా తమ్ముడికి పాఠముంది. అది తప్పితే వాడికి మాట రాదు. తెలిసిందా నీకు? నీ లెక్కలో ఒక గీత పెరగడానికి మనిషి నాలుక తెగిపోతోంది ఇక్కడ.”

టెక్నీషియను గుమ్మం వైపు చూశాడు. సగం గుండీలు పెట్టిన చొక్కాతో తమ్ముడు అక్కడ నిలబడి ఉన్నాడు. “ఆ,” అన్నాడు అతను, కోపంగా.

టెక్నీషియను ముఖం మాడిపోయింది. “ఈయనకా అమ్మా పాఠం? నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు. ఇప్పుడే పెట్టేస్తాను. పైవాళ్ళు ఆగుతారు. కింద గడియారాలాయనది ఎటూ… ” అని నాలుక కరుచుకున్నాడు.

“కింద గడియారాలాయనది ఎటూ ఏమిటి?”

అతను సంచి జిప్పు తీసి మళ్ళీ వేశాడు.

“ఏమయ్యా. ఎటూ ఏమిటి?”

“ఎటూ బయటే ఉందమ్మా. మొన్న మీరు అరిచినప్పుడు మరమ్మతువాళ్ళు మీది మళ్ళీ పెట్టారు కదా. అప్పుడు ఆయనదే తీశారు.”

అన్నిటికన్నా కింది అంతస్తులో చేతిగడియారాలూ గోడగడియారాలూ బాగుచేసే పెద్దాయన ఉంటాడు. నెమ్మది మనిషి. మెట్లమీద ఎదురైనప్పుడల్లా గోడకు ఒదిగి ఆమెకు దారి ఇస్తాడు. నిన్న కూడా ఇచ్చాడు.

“అంతకుముందు నాది ఎందుకు పోయింది?” ఆమె గొంతు తగ్గింది. తగ్గిన గొంతే ఎక్కువ భయం పుట్టించేదని ఆమె కింద పనిచేసిన గుమాస్తాలకు తెలుసు.

“ఆయన అడిగారమ్మా. నేను ఇటు వచ్చినప్పుడు, ‘బాబూ, మాది కాస్త చూడగలవా’ అన్నారు. పాపం పెద్దాయన కదా అని ఆయనది పెట్టి మీది తీశాను. మీరు అరిస్తే ఆయనది తీశారు. మళ్ళీ ఆయన అడిగారు…”

“రెండుసార్లూ?”

“రెండుసార్లూ.”

“నీ ఫోనులో ఈ పెట్టె జాబితా ఉంటుందిగా. తియ్యి. ఎవరిది ఏ తేదీన ఇచ్చారో నాకు చదివి వినిపించు.”

అతను ఫోను తీశాడు. ఇంకా తీగ పెట్టని పై ఇంటితో సహా పది ఇళ్ళ పేర్లు. పదింటి పక్కనా పచ్చచుక్కలు. ఎనిమిది రంధ్రాల పెట్టెలో పది ఇళ్ళు దివ్యంగా వెలుగుతున్నాయి. అతను ఒక్కొక్క తేదీ చదువుతుంటే ఆమె వేళ్ళు మడుస్తూ విన్నది. గడియారాలాయనది ఏడవది. మొదటి అంతస్తు దర్జీది ఎనిమిదవది. తరువాత చదివింది ఆమెది.

తొమ్మిదవది.

“మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాడు. తేదీ మారలేదు.

అంటే, నాలుగు నెలల క్రితం తన ఇంట్లో మొదటిసారి పచ్చదీపం వెలిగినరోజే కింద ఒక దీపం ఆరింది. తాను అన్యాయమైపోయానని ఫోనులో నిప్పులు కురిపించిన ప్రతిసారీ, తన తూకం నిండటానికి మరొకరి పళ్ళెంలోనుంచి తీసి వేశారు. ముప్పయ్యొక్క ఏళ్ళు ఇతరుల కాటాల కింద వెతికిన ఆ వేలు ఇప్పుడు తన పళ్ళెం అడుగునే మైనం తాకింది. తెలియక జరిగింది, నిజమే. “తెలియదమ్మగారూ” అన్న ఏ వర్తకుణ్ణీ ఆమె ఆ ఒక్క మాటకు వదిలిపెట్టిన గుర్తు లేదు.

తొమ్మిదీ ముప్పయ్యారు.

“మీ పైవాడికి ఫోన్ చెయ్యి. అందరికీ వినపడేలా పెట్టు.”

సూపర్వైజరు గొంతు పెనంమీది నూనెలా మెత్తగా, వేడిగా ఉంది. “అమ్మా, అంత కోపమెందుకు? పెట్టె నిండింది, నిజమే. అందరూ రోజంతా వాడరు కదా. కాస్త ఒకరికొకరు సర్దుకోవాలి.”

“సర్దుకోవడమంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని చేసేది. ఒకరి జేబులోది రెండోవారి జేబులో వేసి, ఇద్దరికీ చెప్పకుండా పోవడాన్ని సర్దుకోవడమనరు. దానికి వేరే పేరుంది. చెప్పమంటావా?”

“రెండో పెట్టె వెయ్యాలంటే అడుగున సర్వే చెయ్యాలి, కొత్త తీగ లాగాలి. ఎవరూ రాసి అడగలేదమ్మా. అడిగితే వేస్తాం కదా.”

టెక్నీషియను ఫోను కేసి చూశాడు. అతని మీసం అదిరింది. “నేను రాశాను సార్,” అన్నాడు.

“ఏంటి?”

“మూడుసార్లు రాశాను. రెండో పెట్టె కావాలని. మూడుసార్లూ, ముందు కొత్త కనెక్షన్ల సంగతి చూడు, పెట్టె సంగతి మేం చూస్తామన్నారు. నా దగ్గర మెసేజీలున్నాయి సార్. చూపించమంటారా?”

ఆ వెనుక, “నువ్వు ఆఫీసుకి రా, మాట్లాడదాం,” అని ఫోను పెట్టేసిన చప్పుడు.

“పోయింది నా పని,” అన్నాడు టెక్నీషియను, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

“నిజం చెప్పినందుకు పోతే ఆ మెసేజీలు నాకు చూపించు. నేను రాసిన కాగితాలకు జవాబు రాకుండా ఉండటం ఇంతవరకు జరగలేదు,” అంది ఇన్స్పెక్టరమ్మ. “ఇప్పుడు గడియారాలాయన తీగ తీసుకో. ఆ ఖాళీ పోర్టులో పెట్టు.”

అతను తెల్లబోయాడు. “మరి మీదమ్మా? పది గంటలకు…”

“నాది తొమ్మిదవది. ఎనిమిదే ఉన్నాయి. లెక్క రాదా నీకు?”

“ఎవరిదైనా ఒక్క గంట తీస్తే…”

“ఆ చెయ్యి పెట్టెలో పెట్టి చూడు!”

అతను మారుమాట లేకుండా పచ్చటి తలను తుడిచి, మూత తీసి, ఏడవ పోర్టులో నొక్కాడు. క్లిక్కుమంది. ఇన్స్పెక్టరమ్మ ఇంట్లోకి వెళ్ళి అరలోనుంచి ఒక డబ్బా తెచ్చింది. పదవీ విరమణ నాడు కాటాలకు సీలు వేసే ముద్ర పటకారును శాఖకు అప్పగించింది కాని, సన్నని తీగా, నాలుగు సీసపు బిళ్ళలూ మిగిలిపోయాయి. పెట్టె గొళ్ళెంలోనుంచి తీగ దూర్చి, బిళ్ళ తొడిగి, పళ్ళున్న శ్రావణంతో నొక్కింది.

“దీన్ని మావాళ్ళు ఒక్క నిమిషంలో తెంపేస్తారమ్మా,” అన్నాడతను.

“తెంపనీ. తెంపాలంటే ఒక చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎవరిదో చూడాలనే వేశాను.”

తొమ్మిదీ నలభై ఆరు. ఇక చెయ్యవలసిందేమీ మిగలలేదు. న్యాయం జరిగింది, పాఠం పోయింది. ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి తమ్ముడి మిగిలిన గుండీలు పెట్టబోయింది. కోపం ఇప్పుడు ఎవరిమీదా నిలవక, చోటు దొరకని మంటలా ఒంట్లోనే తిరుగుతోంది.

అప్పుడు మెట్లమీద చెప్పుల చప్పుడు. గడియారాలాయన పైకి వస్తున్నాడు. కంటి పైభాగాన భూతద్దం ఇంకా అలాగే ఉంది.

“నాది వచ్చింది,” అన్నాడు ఆశ్చర్యంగా. “నేను అడగలేదే!” ఆ వెనుక పెట్టెనూ, సీసపు బిళ్ళనూ, ముగ్గురి ముఖాలనూ చూశాడు. టెక్నీషియను నాలుగు మాటల్లో అంతా చెప్పాడు.

“నేనడిగినప్పుడల్లా మీది పోతోందని తెలిస్తే అడిగేవాణ్ణి కాదమ్మా,” అన్నాడు పెద్దాయన. “పాత గోడగడియారం ఒకటి పదిహేనురోజులుగా విప్పి పెట్టుకున్నాను. లోపలి చక్రం బొమ్మ ఇంటర్నెట్‌లో తప్ప దొరకదు. పోనీలే, వీలైనప్పుడే చూద్దామని…”

ఆ మాటతో ఇన్స్పెక్టరమ్మ కోపానికి చోటు దొరికింది. “వీలైనప్పుడా? నాలుగు నెలలనుంచి మీది మీకు లేదు! ఒక్కసారైనా గట్టిగా అడిగారా? మెత్తగా ‘కాస్త చూడగలవా బాబూ’ అంటే వాళ్ళకు నిచ్చెన వేసినట్టే అన్నయ్యగారూ. మీ మంచితనం మెట్లెక్కి మా ఇంట్లోకి దొంగసొత్తు తెచ్చి పెట్టింది. నాకు తెలియకుండా నన్ను దొంగను చేశారు మీరంతా కలిసి!”

పెద్దాయన తల వంచుకుని విన్నాడు. విన్నాక, ఆ తిట్లన్నీ పక్కన పెట్టేసినట్టు, “పాఠం ఎన్నింటికమ్మా?” అన్నాడు.

“పదింటికి.”

“మా గదిలో తీగ ఉంది కదా. తమ్ముణ్ణి తీసుకురండి.”

ఇంత చిన్న సంగతి ఆమెకు తట్టనేలేదు. ఎవరి హక్కు ఎంతో తూచడంలో మునిగిపోయిన మనిషికి, హక్కున్నవాడు పిలిచి పెడతాడన్న ఆలోచన రాదు. కాని రెండు అంతస్తులు, ముప్పయ్యారు మెట్లు. తమ్ముడు ఇల్లు కదిలి బయటకు వెళ్ళింది ఒక్క ఆసుపత్రికే, అదీ కుర్చీలో.

“రా,” అంది ఆమె.

“ఆ,” అన్నాడు అతను. ఈసారి అది నిజమైన ఆ.

టెక్నీషియను ముందు వెనకడుగులు వేస్తూ దిగాడు. అతని భుజంమీద తమ్ముడి ఎడమచెయ్యి. వెనకనుంచి అక్క నడుముపట్టీ పట్టుకుంది. పెద్దాయన వాళ్ళ లాప్‌టాప్ గుండెకు హత్తుకుని, పసిబిడ్డను మోస్తున్నట్టు పక్కన నడిచాడు. కుడికాలు ప్రతి మెట్టునూ వెతుక్కుంటూ దిగింది. పన్నెండో మెట్టు దగ్గర మోకాలు ముడుచుకుపోయింది. నలుగురూ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నారు. “తొందరేం లేదన్నయ్యా,” అన్నాడు టెక్నీషియను. “నోరు మూసుకుని దించు. పది దాటింది,” అంది ఇన్స్పెక్టరమ్మ.

గదిలో అడుగుపెట్టేసరికి పదీ ఆరు నిమిషాలు. గోడలనిండా గడియారాలు. బల్లమీద గాజుగ్లాసు బోర్లించిన కింద ఏవేవో పళ్ళచక్రాలు. ఒక మూల మోడెం, దానిమీద కప్పిన గుడ్డ.

“పాస్‌వర్డ్ ఏదండీ?”

“ఎప్పుడూ మార్చలేదమ్మా. దాని అడుగున రాసి ఉంటుంది.” పెద్దాయన మోడెంను బోర్లించి, భూతద్దం కంటికి దించుకుని, చీమతలకాయలంత అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. ఆమె కొట్టింది. తప్పు. మళ్ళీ చదివాడు, సున్నా కాదు, అక్షరం. పదీ తొమ్మిదికి తెర వెలిగింది. అందులో మాటల డాక్టరమ్మ పెన్ను ఎత్తిపట్టుకుని ఉంది.

“ఇంకొక్క నిమిషముంటే రాసేసేదాన్ని,” అంది. “కూర్చోండి. ఇదేమిటి, ఇన్ని గడియారాలు పెట్టుకుని ఆలస్యమా?”

తమ్ముడు కుర్చీలో కూలబడి నవ్వాడు. చెమటతో ఉతికిన చొక్కా తడిసి ముద్దయింది.

డాక్టరమ్మ ఒక బొమ్మ పట్టుకుంది. “ఇది గొడుగు. అవునా?” “ఆ.” “బాగుంది. ఇది కూడా గొడుగేనా?” ఆమె చేతిలో చెంచా ఉంది. అతను చూశాడు. కాదని తెలుసు, కళ్ళలో ఆ తెలివి స్పష్టంగా కనిపిస్తోంది. పెదవులు కదిలాయి. “ఆ,” అన్నాడు. అని, తననుతాను చీదరించుకుని కళ్ళు మూసుకున్నాడు. “పరవాలేదు. నాలుకకొన పై పళ్ళ వెనక పెట్టండి. చూడండి, ఇలా. లే…” ఇదే పని మీద ఇప్పటికి నాలుగు వారాలు. నాలుక అక్కడికి వెళుతుంది. వెళ్ళి, ఎందుకొచ్చానో మరిచిపోయినవాడిలా నిలబడుతుంది.

అప్పుడు ఇన్స్పెక్టరమ్మ ఫోను మోగింది. కంపెనీ నంబరు, ఆమెకు కంఠస్థం. ఆమె టెక్నీషియను వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. “మీ ఫిర్యాదు నేను మూయలేదమ్మా. సార్ మూసేసి ఉంటారు. ఇప్పుడే. ఆఫీసులో కూర్చుని.”

ఆమె ఫోను ఎత్తింది. తిట్టడానికి గుండెనిండా గాలి పీల్చుకుంది. యంత్రాన్ని తిట్టి లాభం లేదని తెలిసే పీల్చుకుంది. ఇంతలో తమ్ముడి ఎడమచెయ్యి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది. బస్తాలు ఎత్తిన చెయ్యి. ఇంకా బలం పోలేదు. ఫోనును బల్లమీదికి దించి, వేలితో స్పీకరు నొక్కాడు.

“మీ ఇంటర్నెట్ సమస్య పరిష్కారమైందా?” అంది ఆ గొంతు తేటగా, ఏ తొందరా లేకుండా. “అయితే అవును అని, కాకపోతే లేదు అని చెప్పండి.”

గదిలో గడియారాలు మాత్రం కొట్టుకుంటున్నాయి. తమ్ముడి మెడనరాలు ఉబ్బాయి. ముఖం ఎర్రబారింది. నాలుక పై పళ్ళ వెనక్కి వెళ్ళింది, అక్కడ నిలబడింది. అక్క పిడికిలి బిగించింది. డాక్టరమ్మ తెరలోనుంచి ముందుకు వంగింది.

“లే…” అన్నాడు. “లే… దు.”

“క్షమించండి, మీ జవాబు సరిగా వినపడలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి.”

టెక్నీషియను కళ్ళు తుడుచుకోబోయి ఆగిపోయాడు. “వీడి దుంప తెగ,” అన్నాడు నెమ్మదిగా.

తమ్ముడు ఫోను కేసి చూశాడు. పాట తక్కువ పాడి, వినపడనట్టు నటిస్తున్న వ్యాపారిని చూసినట్టు చూశాడు. వెన్ను నిటారుగా అయింది.

“లేదు.”

“క్షమించండి, మీ జవాబు సరిగా…”

అతని ఎడమచెయ్యి పైకి లేచింది. బల్లమీద దబ్బున పడింది. గ్లాసు కింద చక్రాలు గలగలలాడాయి. మార్కెట్లో మూడోసారి కేక వేశాక పడే చెయ్యి అది. దాని తరువాత బేరం లేదు.

“లేదు!”